మూడు దెబ్బలకు జవాబు

ఆ రోజు పొద్దున మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. మిల్లుకు వెళ్ళాలి. ఫిట్టరు రాగానే కొత్త మిషన్‌ను పొడి నిల్వచేసే బిన్నుకు బిగించాలి. బటన్ నొక్కగానే పొడి జలజలా దిగుతుంటే మేనేజరు చేత శభాష్ అనిపించుకోవాలి. చీకటి పడకముందే ఇంటికొచ్చి ప్రశాంతంగా భోజనం చేయాలి. ఈ పథకంలో ఎక్కడా దెయ్యాలు లేవు.

ప్రశాంతంగా భోజనం చేయడమన్నదే అందులో అసలు ముక్క. మేస్త్రి పనిచేసేది పశువుల దాణా మిల్లులో. నిన్నటి దాకా అతని మామగారు కూడా అక్కడే పనిచేసేవారు. ఉండడం అల్లుడింట్లోనే. ఇంట్లో ఆయన పెద్దదిక్కు, మిల్లులో బిన్ను పైన కూర్చునే మనిషి. అంటే ఇంట్లోనూ పైనే, మిల్లులోనూ పైనే. కింద మేస్త్రి ఏ పొరపాటు చేసినా రాత్రి భోజనాల వేళకు అది కూతురి చెవిన పడేది.

"ఇవాళ అల్లుడుగారు తవుడు పోయించాల్సిన చోట ఉప్పు పోయించారమ్మా," అనేవారు ఆయన, ఎవరినీ ఏమీ అననట్టు.

"ఏమండీ, నిజమేనా?" అని ఆమె గరిటె పట్టుకుని నిలబడేది. మేస్త్రికి తిన్నది గొంతు దిగేది కాదు.

ఏళ్ళ తరబడి భరించి, చివరికి మేస్త్రి ఒక పని చేశాడు. మేనేజరు గదిలోకి వెళ్ళి, "పొడి ఇరుక్కున్నప్పుడల్లా పైన మనిషిని కూర్చోబెట్టి కడ్డీతో పొడిపించడం పాతకాలం పద్ధతి సార్. గాలితో కొట్టే మిషన్లు వచ్చాయి. పైన మనిషి అక్కర్లేదు," అన్నాడు. మేనేజరు మిషన్‌ను తెప్పించాడు, మామగారిని ఇంటికి పంపించాడు. ఇంట్లో మాత్రం మేస్త్రి, "కంపెనీ రూలట. వయసు దాటితే ఉంచరట. ఎంత చెప్పినా వినలేదు," అని ఓ నిట్టూర్పు కూడా విడిచాడు. భార్య నమ్మింది. ఆ నమ్మకం మీదే ఇప్పుడు అతని సంసారం నిలబడి ఉంది.

ఆ పొద్దున మామగారు అలవాటు కొద్దీ తెల్లారేసరికి తయారై, డ్యూటీ చొక్కా తొడుక్కుని వరండా కుర్చీలో కూర్చున్నారు. వెళ్ళడానికి చోటు లేని మనిషి అంత శుభ్రంగా తయారవడం చూస్తే మేస్త్రికి మనసులో కలుక్కుమంది. వెంటనే సర్దుకున్నాడు.

"అల్లుడుగారూ, ఇవాళ పైన ఎవరుంటారు?" అన్నారాయన.

"ఎవరూ ఉండరు మామయ్యగారూ. మిషన్ వచ్చిందిగా. పైగదికి తాళం వేశాం."

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నారు. "అయితే కింద ఎవరినీ కొట్టనివ్వకండి."

"ఎందుకని?"

"ఏం లేదు. పైన మనిషి లేనప్పుడు పిలవడం దేనికని."

మేస్త్రి దాన్ని అలక కింద జమకట్టుకున్నాడు. లోపలినుంచి భార్య ఇంకేదో చెబుతోంది. అతని మనసు అప్పటికే ఫిట్టరు దగ్గరుంది. "ఊఁ, ఊఁ" అని బయటపడ్డాడు.

మిల్లులో మిగతావన్నీ ఒక ఎత్తు, బిన్ను ఒక ఎత్తు. మూడంతస్తుల ఎత్తున్న ఇనప డబ్బా అది, అడుగున గరాటులా సన్నబడుతుంది. అందులో ఉండేది ఖనిజాల పొడి. మొక్కజొన్న చెప్పిన మాట వింటుంది, వేరుశనగ చెక్క వింటుంది, తవుడు బతిమాలితే వింటుంది. ఈ పొడి ఎవరి మాటా వినదు. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన, తెల్లన. గాలిలో కాస్త చెమ్మ తగిలితే చాలు, గరాటు మూతి దగ్గర లోలోపలే గూడు కట్టేస్తుంది. గూటి పైన టన్నుల బరువు, కింద ఖాళీ. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. నమ్మి కాలు పెడితే ఇక అంతే సంగతులు. అందుకే పైన మనిషి లేనప్పుడు తలుపుకు తాళం ఉండాలన్నది మిల్లులో అందరికీ తెలిసిన నియమం.

మిల్లు రొదలో కిందివాడి కేక పైవాడికి వినబడదు కాబట్టి, వాళ్ళకో పద్ధతి ఉంది. పొడి ఆగిపోతే కింద మనిషి కొయ్య సుత్తితో గరాటు మీద మూడు దెబ్బలు కొడతాడు. "దిగడం లేదు" అని దానర్థం. పైన మనిషి రెండు దెబ్బలు కొడతాడు. "విన్నాను" అని. ఆ తర్వాత పొడి దిగుతుంది. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆ రెండు దెబ్బలూ మామగారివే. మిల్లంతా ఆయన్ని పైతాత అనేది.

కింద కొట్టేవాడి పేరు సుత్తి. చేతిలో ఉన్నదాని వల్ల వచ్చిన పేరో, నోట్లో ఉన్నదాని వల్ల వచ్చిన పేరో ఇదమిత్థంగా తేలలేదు.

ఆ రోజు ముసురు పట్టింది. షెడ్డు బయట వాన కనబడదు గానీ గాలి తడిగా ఉంది. లోపల తెల్లటి దుమ్ము పొగమంచులా వేలాడుతూ, దీపాల చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. ఫిట్టరు దారిలో బండి చెడిపోయిందని ఫోన్ చేశాడు. మిషన్ పెట్టెలోంచి బయటికే రాలేదు. సరిగ్గా అప్పుడే పొడి ఆగిపోయింది.

"మేస్త్రిగారూ, మిక్సరు ఉత్తినే తిరుగుతోందండీ. కొట్టమంటారా?" అన్నాడు సుత్తి.

"వద్దురా. కొట్టీ కొట్టీ గరాటంతా సొట్టలు పడింది. ఆ సొట్టల్లోనే పొడి పట్టుకుంటోంది. మిషన్ వచ్చేదాకా ఆగు."

ఆగారు. మేనేజరు ఫోన్ చేశాడు. మళ్ళీ చేశాడు. మూడోసారి ఫోన్ చేయకుండా గది అద్దంలోంచి చూశాడు. అద్దంలోంచి చూడడం అన్నిటికంటే ప్రమాదమని మేస్త్రికి తెలుసు.

"సరే, ఒక్కసారి కొట్టు," అన్నాడు.

సుత్తి మూడు కొట్టాడు. ధన్, ధన్, ధన్. కొట్టాక అలవాటు చొప్పున తల పైకెత్తాడు. మేస్త్రి కూడా ఎత్తాడు.

కాస్త వ్యవధి ఇచ్చి, తొందరేమీ లేని మనిషి కొట్టినట్టు, పైనుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

పొడి మెత్తగా, బుద్ధిగా దిగడం మొదలుపెట్టింది.

సుత్తి చేతిలో సుత్తి అలాగే గాలిలో ఉండిపోయింది. "పైన ఎవరండీ?"

"ఎవరూ లేరు."

"తాళం?"

మేస్త్రి జేబు తడుముకున్నాడు. తాళంచెవి చల్లగా తగిలింది. అయినా కిందివాడి ముందు జంకితే మేస్త్రిగిరీ ఏముంది? "చూసొస్తాను. నువ్వు మాత్రం మళ్ళీ కొట్టకు," అని నిచ్చెన ఎక్కాడు.

తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాడు. గదిలో నేలంతా రాత్రి పేరుకున్న తెల్లటి పొర, మీద ఒక్క అడుగు జాడ కూడా లేదు. గోడ మేకుకు మామగారి తువ్వాలు వేలాడుతోంది. ఆయన కూర్చునే ముక్కాలిపీట మీదా పొడి పడింది. బిన్ను మూత పక్కన ఒక పాత చెప్పుల జత, చేత్తో సర్దినట్టు పక్కపక్కనే ఉంది. పాపం, చెప్పులు కూడా మర్చిపోయి వెళ్ళారు అనుకున్నాడు మేస్త్రి. ఈసారి కలుక్కుమన్నది అంత తొందరగా సర్దుకోలేదు.

మూత ఎత్తి లోపలికి వంగాడు. కింద పొడి తెల్లగా, చదునుగా, పరుపులా ఉంది. దుమ్ము ఆవిరిలా లేచి ముఖానికి తగిలింది. ఎవరో నిద్రలో వదిలిన ఊపిరిలా ఉందనిపించింది. "అబ్బే, గాలి" అని పైకే చెప్పుకున్నాడు.

కింద సుత్తి మళ్ళీ మూడు కొట్టాడు. వద్దన్న పని చేయకుండా ఉండడం వాడి జాతకంలో లేదు.

జవాబు ఈసారి పైనుంచి రాలేదు. పైన ఉన్నది మేస్త్రే. అతని కళ్ళెదుట, ఆ తెల్లటి పరుపు అడుగునుంచి, రెండు దెబ్బలు నింపాదిగా మోగాయి. పొడి మీద గుండ్రంగా ఒక ముడత కదిలి సద్దుమణిగింది.

అతను నిచ్చెన దిగాడో జారాడో ఎవరూ చూడలేదు. తాళం వేయడం మాత్రం మర్చిపోలేదు. వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు.

"మేస్త్రిగారూ, పొద్దున తాతగారు బాగానే ఉన్నారా?" అన్నాడు సుత్తి, గొంతు తగ్గించి.

"బాగానే ఉన్నారు. కుర్చీలో కూర్చున్నారు."

"బాగా ఉన్న మనిషి ఇక్కడెందుకు కొడతారండీ?"

"నోర్ముయ్."

"అది కాదండీ. ఆ రెండు దెబ్బలూ ఆయనవే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆ జాగా చూడండి. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, నాకు తెలీదా? మనిషిని మాన్పించారు గానీ, ప్రాణాన్ని మాన్పించగలరా?"

మేస్త్రి ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. భార్య ఫోన్‌కు చేశాడు. ఉలుకూ పలుకూ లేదు. పొద్దున ఆ వరండాలో శుభ్రంగా తయారై కూర్చున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. పనిపోయిన దిగులుతో రెండో రోజుకే కన్నుమూసినవాళ్ళ కథలు అతను చాలా విన్నాడు. ఇప్పుడు అవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

ఈలోగా కబురు నడవడం మొదలుపెట్టింది. సుత్తి గోతాలు కుట్టేవాళ్ళతో, "పైతాత ఫోన్ ఎత్తడం లేదట," అన్నాడు. గోతాలు కుట్టేవాళ్ళు కాటా దగ్గర, "పైతాతకు బాగాలేదట," అన్నారు. కాటా నుంచి గేటుకు చేరేసరికి ఆయన పోయారు. గేటు నుంచి మేనేజరు గదికి చేరేసరికి ఎలా పోయారో, ఆఖరి మాటగా ఏమన్నారో కూడా తెలిసిపోయింది. మిల్లునే తలుచుకున్నారట.

మేనేజరు పద్ధతి గల మనిషి. చావు కబురు వినగానే ఏమేం చేయాలో అన్నీ చేశాడు. పూలు తెప్పించాడు. "తాతగారిని గౌరవంగా తీసుకురా," అని జీపు డ్రైవరును పంపించాడు. సాయంత్రం పూట సెలవు ప్రకటించాడు. ఆ మాటకు పనివాళ్ళలో దుఃఖం కాస్త తేలికపడింది. చివరికి మిషన్లన్నీ ఆపించి, రెండు నిమిషాల మౌనం పాటించమన్నాడు.

అదీ కొంప ముంచిన పని. ఆ మిల్లు ఎప్పుడూ ఆగింది లేదు. రొద ఆగేసరికి దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్న చప్పుళ్ళన్నీ బయటికొచ్చాయి. రేకుల మీద ముసురు గీరుతోంది. ఎక్కడో బెల్టు చల్లారుతూ కిర్రుమంది. బిన్ను లోపల సన్నగా, ఆగి ఆగి, ఇసుక జారినట్టు ఒక రాపిడి. అందరూ తెల్లటి దుమ్ములో తలలు వంచి నిలబడి ఉంటే ఎవరు బతికున్నవాళ్ళో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

"మేస్త్రిగారూ," అన్నాడు సుత్తి ఆ నిశ్శబ్దంలో. "అల్లుడంటే కొడుకులాంటివాడు. ఆఖరిసారి మీ చేత్తో ఓ మూడు కొట్టండి. ఆయన ఆత్మ శాంతిస్తుంది."

కొట్టనంటే జంకాడంటారు. కొడితే ఏమవుతుందో తెలియదు. మేస్త్రి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. కొయ్య సుత్తి తనే అందుకున్నాడు. మూడు కొట్టాడు. మిల్లంతా ఊపిరి బిగబట్టింది.

ధన్. ఆగింది. ధన్.

వెనక ఎవరో కెవ్వుమన్నారు. కాటా మనిషి గోతాల వెనక్కి దూకాడు. మేనేజరు పూలగుత్తిని అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రి కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. గరాటును రెండు చేతులతో పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు.

"మామయ్యగారూ! తప్పయిపోయింది! కంపెనీ రూలూ లేదు, నా మొహమూ లేదు. నేనే మేనేజరుగారికి చెప్పి మిమ్మల్ని మాన్పించాను. భోజనాల దగ్గర మీరు నా మీద పితూరీలు చెబుతుంటే తట్టుకోలేకపోయాను. మీరు పోవాలని మాత్రం అనుకోలేదు మామయ్యగారూ, ఒట్టు! ఆ ఉప్పు సంగతి నిజమే! అంతకు ముందు సంచులు తారుమారైన సంగతీ నిజమే! అన్నీ ఒప్పుకుంటున్నాను. మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి!"

"చెప్పక్కర్లేదు. విన్నాను," అంది వెనకనుంచి అతని భార్య.

మేస్త్రి తిరిగి చూశాడు. గుమ్మంలో భార్య, ఆమె చెయ్యి పట్టుకుని మామగారు. ఆయన కళ్ళకు నల్లద్దాలు, చొక్కా మీద వాన చినుకులు. ఆయన ముందుకు ఒక్క అడుగు వేసేసరికి మిల్లు మిల్లంతా వెనక్కి రెండడుగులు వేసింది.

"ఎవరమ్మా పోయింది?" అన్నారాయన, గాలిలోకి చూస్తూ. "డ్రైవరు ఏమీ చెప్పడే. 'రండి తాతా, అందరూ మీ కోసమే ఎదురుచూస్తున్నారు,' అని జీపెక్కించాడు. దారంతా నా చెయ్యి గిల్లి చూస్తున్నాడు."

"గౌరవంగా తీసుకురమ్మన్నారు, తెచ్చాను," అన్నాడు డ్రైవరు. "ఎలా ఉంటే అలాగే తెచ్చాను."

"ఫోన్ ఎందుకెత్తలేదు?" అని గొణిగాడు మేస్త్రి.

"కళ్ళ డాక్టరు గదిలో ఫోన్ ఎత్తనిస్తారా? నాన్నకు మందు వేయించాలి, మధ్యాహ్నం దాకా ఇంట్లో ఎవరమూ ఉండమని పొద్దున చెప్పాను. మీరు ఊఁ అన్నారు. రెండుసార్లు అన్నారు."

మేనేజరు పద్ధతి గల మనిషే కాదు, ఏదీ వృథా చేయని మనిషి కూడా. పూలగుత్తి తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టి, "మీ సేవలకు కంపెనీ తరఫున," అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. సాయంత్రం సెలవు రద్దయిందని తెలిశాక మాత్రం ఆయన బతికుండడం పట్ల కొంత అసంతృప్తి బయటపడింది.

"మరి కొట్టింది ఎవరండీ?" అన్నాడు సుత్తి, ఎవరూ అడగకూడదనుకుంటున్న ప్రశ్న.

మామగారు నల్లద్దాలు సర్దుకున్నారు. పెద్ద మనిషి తల దించుకోవడం కూతురు చూడడం అదే మొదటిసారి. "దాచి లాభమేముంది? నేనెప్పుడూ కొట్టలేదు. చేరిన మొదటి వారం కొట్టాను. ఆ తర్వాత ఓ రోజు కాస్త ఆలస్యమైతే నాకంటే ముందు అదే కొట్టింది. పొడీ దానంతటదే దిగింది. దాని పని అది చేసుకుంటుంటే మధ్యలో నేనెందుకని, తువ్వాలు పరుచుకుని పడుకునేవాణ్ణి."

మేస్త్రికి ఏడుపు ఆగిపోయింది. "ఇరవై ఏళ్ళూ నిద్రపోయారా? మరి నా తప్పులన్నీ ఎలా చూశారు?"

"చూడలేదు అల్లుడుగారూ. ఊహించేవాణ్ణి. ఒక్కటీ తప్పేది కాదు."

ఆ సమయానికి ఫిట్టరు దిగాడు. కథంతా విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు సార్. లోపల గూడు కట్టిన పొడి ఒక్కసారిగా విరగదు. మీరు కొట్టగానే ఓ పెళ్ళ ఊడి గరాటుకు తగులుతుంది. దాని వెనకే రెండోది. ధన్, ధన్. ఇలాంటి బిన్నులు ఎన్ని చూశానో!"

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. పెళ్ళలు! అంతే కదా! కాటా మనిషి తాను గోతాల వెనక్కి దూకింది కాలు జారి అని అందరికీ విడివిడిగా చెప్పుకొచ్చాడు.

"బిన్ను ఖాళీగా ఉన్నప్పుడో?" అన్నారు మామగారు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. భార్య ఆయన్ని తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మేస్త్రి వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. "ఇంటికి రండి. మాట్లాడుకుందాం," అంది. ఆ మాట మేస్త్రికి బిన్ను చప్పుడు కంటే భయంగా వినిపించింది.

మిషన్‌ను బిగించాలంటే గరాటుకు బోల్టులు వేయాలి. దుమ్ము నిండిన బిన్నుకు రంధ్రాలు వేస్తే నిప్పురవ్వ చాలు, కొంప అంటుకోవడానికి. అందుకని మధ్యాహ్నమంతా కూర్చుని పొడిని పూర్తిగా దింపించారు, లోపలి గోడలు ఊడ్పించారు. ఫిట్టరు అడుగు మూత తీసి టార్చి వేసి చూపించాడు. లోపల ఇనుము అద్దంలా మెరుస్తోంది. పైదాకా చిటికెడు పొడి కూడా లేదు.

మిషన్ చిన్నదే, నీళ్ళచెంబంత. గాలి గొట్టం తగిలించారు. పనివాళ్ళు ఇళ్ళకు బయల్దేరారు. ఇంకా వెలుగుంది, ముసురు వెలిసింది. ఫిట్టరూ, మేస్త్రీ మాత్రమే మిగిలారు.

"ఒక్కో విడతకు మూడు దెబ్బలు పెట్టాను సార్. మీ వాళ్ళకు అలవాటైన లెక్కే కదా," అన్నాడు ఫిట్టరు నవ్వుతూ. బటన్ నొక్కాడు.

ధన్, ధన్, ధన్.

కాస్త వ్యవధి ఇచ్చి, ఖాళీ బిన్నులో, రెండు.

ఫిట్టరు నవ్వు ముఖం మీదే ఉంది, కళ్ళలో మాత్రం లేదు. "నా మిషన్ మూడే కొట్టింది సార్."

"తెలుసు."

"పెళ్ళలు..." అని ఆగి, టార్చి మళ్ళీ లోపలికి వేశాడు. మెరిసే ఇనుము. ఇంకోసారి నొక్కాడు. మూడు. రెండు. ఈసారి ఆ రెండూ కొంచెం పైనుంచి వచ్చాయి, మూత దగ్గర్లోంచి.

ఫిట్టరు గబగబా పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. పని పూర్తయినట్టు మేస్త్రి చేత సంతకం కూడా చేయించుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ఆఫ్‌లోనే ఉంచండి సార్. ఊరికే అరుగుతుంది," అని వెళ్ళిపోయాడు.

మేస్త్రికి ఆ సాయంత్రం రెండు భయాలు. ఒకటి బిన్ను, ఒకటి ఇల్లు. వట్టి చేతులతో ఇంటికి వెళ్ళే ధైర్యం లేక, గుండెలు చిక్కబట్టుకుని నిచ్చెన ఎక్కి, మామగారి తువ్వాలూ చెప్పులూ తెచ్చాడు. పెద్దాయన వస్తువులు స్వయంగా మోసుకొచ్చాడని భార్య కాస్తయినా మెత్తబడుతుందని ఆశ.

మామగారు వరండా కుర్చీలోనే ఉన్నారు. మందు ప్రభావం ఇంకా పోలేదు, చూపు మసకగానే ఉంది. భార్య గుమ్మంలో నిలబడింది. మేస్త్రి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "చేసింది తప్పే మామయ్యగారూ. ఇవిగో, మీ తువ్వాలు. మీ చెప్పులు కూడా తెచ్చాను," అన్నాడు. ఆ మాట నిజంగానే మనసులోంచి వచ్చింది. అది విని భార్య ముఖం ఒక పిసరు తేటపడింది. మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళింది.

మామగారు తువ్వాలు తీసుకున్నారు. చెప్పుల్ని చేత్తో తడిమారు. వేలు మడమ దగ్గర ఆగిపోయింది.

"నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి అల్లుడుగారూ," అన్నారు నెమ్మదిగా. "ఇవి నావి కావు."

"మరి ఎవరివి?"

"నాకు ముందు పైన ఒకతను ఉండేవాడు. ఓ రోజు చెప్పా పెట్టకుండా పని మానేసి వెళ్ళిపోయాడన్నారు. బిన్ను అడుగంటా దింపి చూశారు, ఏమీ లేదు. చెప్పులు మాత్రం మూత పక్కనే ఉన్నాయి. చెప్పులు వదిలేసి పని మానేసేవాణ్ణి మీరెక్కడైనా చూశారా?"

మేస్త్రి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అది మంచిదే, ఎవరి జోలికీ రాదు," అన్నారు మామగారు. "పైన మనిషి ఉన్నంతసేపూ లోపలే ఉండి దాని పని అది చేసుకుంటుంది. ఎవరూ లేకపోతేనే... డ్యూటీ తనదేననుకుంటుంది. పైకి వద్దామని చూస్తుంది. నేను నిద్రపోయినా, మనిషినంటూ ఉన్నానుగా. ఇవి ఎక్కడ తీశారో అక్కడే, అలాగే పెట్టిరండి. ఇంట్లోకి మాత్రం తేకండి."

లోపల, వంటగది గోడ మీద, ఎవరో మూడుసార్లు కొట్టారు. మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఈ మేకు ఒకటి ఊడిపోతోంది," అని భార్య గొంతు వినిపించింది. ఆమె సుత్తి పక్కన పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

మామా అల్లుళ్ళు ఇద్దరూ కదలకుండా కూర్చుని, చెప్పుల వైపు చూస్తూ, కాసేపు చెవులు రిక్కించారు. ఏ జవాబూ రాలేదు. అప్పుడు మేస్త్రి ఊపిరి పీల్చుకుని, మామగారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రేపట్నుంచి మీరు డ్యూటీకి రావాలి మామయ్యగారూ. మేనేజరుతో నేను మాట్లాడతాను. పరుపు కూడా వేయిస్తాను. భోజనాల దగ్గర మీ ఇష్టం వచ్చినన్ని చెప్పండి, నేను నోరెత్తను."

మంచినీళ్ళతో వచ్చిన భార్య ఆ ఆఖరి మాటలు విని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

మర్నాడు తెల్లారేసరికి మామగారు డ్యూటీ చొక్కా తొడుక్కుని నిచ్చెన ఎక్కారు. ఆయన వెనకే మేస్త్రి, భుజాన పరుపు, చంకలో కాగితంలో చుట్టిన పొట్లం పెట్టుకుని ఎక్కాడు. అల్లుడై ఉండి కూడా మామగారిని కాళ్ళా వేళ్ళా పడి మళ్ళీ పనిలోకి తీసుకెళ్ళాడని మేస్త్రి భార్య ఇప్పటికీ వీధంతా గొప్పగా చెప్పుకుంటుంది. పొట్లంలో ఏముందని మాత్రం ఆమె ఎప్పుడూ అడగలేదు.